పది వేలకి బదులు పది

మంగళవారం, రాత్రి

సిల్తారా ఫ్యాక్టరీలో పది కిలోహెర్ట్జ్ హీటింగ్ మిషన్‌కి సన్నతీగల కేబుల్ తీయించి, లావు రాగి కడ్డీ వేయించింది నేనే. కరెంటు ఇరవై మిల్లీమీటర్ల లోతు దాకా పారుతుందని లెక్క చూపించి, డిప్లొమా చదివిన సూపర్‌వైజర్ సాహూ నోరు మూయించాను. నన్ను అక్కడ పనికి పెట్టిన బావ మురిసిపోయాడు. "చదువు లేకున్నా దిమాగుందిరా నీకు! పొద్దున స్విచ్ నేనే వేస్తా, దేఖ్ లేనా, చూడు నువ్వే."

ఇంటికొచ్చి మళ్లీ లెక్కేశాను. పది వేల హెర్ట్జ్ వేయాల్సిన చోట పది వేశాను, వెధవని! అసలు లోతు మిల్లీమీటరు కూడా లేదు. కరెంటంతా పైపొరలోనే పారి కడ్డీ కాలిపోతుంది. బావ దాని పక్కనే నిలబడతాడు.

బావ ఫోన్ ఎత్తడం లేదు. సాహూకి చెబితే రేపటి నుంచి నన్ను గేటు దాటనివ్వడు.

అయినా సాహూకే ఫోన్ చేశాను. "కౌన్?" అన్నాడు. పెట్టేశాను. ఛీ.

మళ్లీ చేస్తున్నాను.