ముక్కు మేస్త్రి సంతకం

మూడో తారీఖు

ప్రియమైన నాన్నకు,

ఫోన్‌లో నీ నోటి నుంచి "ఊ", "సరేలే" తప్ప ఇంకో ముక్క రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరంలోనే జవాబివ్వు. కాగితం మీదైతే నీకు మాటలొస్తాయి.

మంచి కబురు. నన్ను మన ఊరి రూటుకి మార్చారు. పదహారు, సోమవారం నుంచి కార్ల విమానం నాది. కింద షెడ్డులో నువ్వు చూసి సంతకం పెట్టిన కార్లని పైన లోడ్ మాస్టర్‌గా నేను కాచుకుంటాను. ఇక్కడ అందరూ "ముక్కు మేస్త్రి కూతురివా" అని అడుగుతున్నారు. కారు కింద వంగి ఒక్కసారి గాలి పీలిస్తే పెట్రోలు ఎక్కడ కారుతోందో చెప్పేస్తావని ఇంత దూరంలో కూడా తెలుసు. మా కెప్టెనైతే, "మీ నాన్న సంతకం ఉంటే నేను నిశ్చింతగా టీ తాగుతాను" అన్నాడు. నేనే ఆ సంతకం పెట్టినంత పొంగిపోయాను.

అమ్మని అడిగానని చెప్పు.

నీ పెద్దమ్మాయి


ఎనిమిదో తారీఖు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

సంతోషమే. అయినా ఆ రూటు నీకెందుకమ్మా? మందుల పెట్టెలు మోసే విమానాలు లేవా, పూలు మోసేవి లేవా? కార్లంటే తలనొప్పి. ట్యాంకులో పావు వంతుకి మించి పెట్రోలు ఉండకూడదని మొత్తుకుంటాం, పంపేవాళ్ళు వింటేగా. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని షెడ్డంతా తిప్పిన డబ్బా అన్న ఇంకా పనిలోనే ఉన్నాడు. పొద్దస్తమానం పైపు పెట్టి ఆ ఎక్కువైన పెట్రోలు తోడటంతోనే సరిపోతోంది అతనికి.

పెట్రోలు ఆవిరి పట్టే మీటరు పాడై ఏడాదైంది. కొత్తది అడిగితే మా ఆఫీసరు, "నీ ముక్కుండగా మీటరెందుకు మేస్త్రీ" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఈమధ్య ప్రతి కారు కిందా తెల్ల కాగితాలు పరుస్తున్నాను, చుక్క పడితే మరక కనబడుతుందని. మేస్త్రికి చాదస్తం ముదిరిందని షెడ్డులో అనుకుంటున్నారు. అనుకోనీ.

మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. స్టవ్ మీద పాలు మాడి గిన్నె బొగ్గయ్యేదాకా పక్కనే పేపరు చదువుతూ కూర్చున్నానట.

వీలైతే ఈ మార్పు వద్దని రాసివ్వు. కుదరకపోతే, కార్లు ఎక్కాక ప్రతిదాని దగ్గరా నువ్వే ఓసారి వంగి చూసుకో. నా సంతకం ఉంది కదా అని ఊరుకోకు.

నాన్న


పద్దెనిమిదో తారీఖు

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం చదివి అలిగాను. కూతురి వల్ల ఆ పని కాదనుకుంటున్నావేమో అనిపించింది. ఇప్పుడా అలక లేదు. జరిగింది అమ్మకి చెప్పకు.

పద్నాలుగు, శనివారం వెళ్ళాల్సిన లోడ్ మాస్టర్‌కి నడుం పట్టేసింది. పొద్దున్నే నన్ను పిలిచారు. మన ఊళ్ళో విమానం ఆగింది గంటన్నరే. నిన్ను చూద్దామని తలుపు దగ్గరే నిలబడ్డాను, షెడ్డు వైపు నుంచి నువ్వు రాలేదు. కాగితాలు మాత్రం వచ్చాయి. పన్నెండు కార్లు, పన్నెండు సంతకాలు. నువ్వు చెప్పినట్టు వంగి చూద్దామనుకున్నాను. చివరి కారు ఆలస్యంగా వచ్చింది, కెప్టెన్ తొందరపెట్టాడు. నీ సంతకం ఉంది కదా అని ఊరుకున్నాను.

బయల్దేరిన రెండు గంటలకి వెనక్కి వెళ్ళి చూస్తే పెట్రోలు వాసన గుప్పుమంది. చివర్లో ఎక్కిన ఎర్ర కారు. కింద పైపు వదులై, కారుని కట్టి ఉంచిన రేకు మీద అరచెయ్యంత మడుగు. కింద సముద్రం. దగ్గర్లో దిగే చోటుకి యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాలూ మంటలార్పే సిలిండరు పట్టుకుని ఆ కారు పక్కనే నిలబడ్డాను. ఒక్క నిప్పురవ్వ చాలు నాన్నా. విమానం కుదిపినప్పుడల్లా ఆ మడుగు అటూ ఇటూ కదిలేది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

క్షేమంగా దిగాం. సోమవారం విచారణ పెట్టారు. "సంతకం మీ నాన్నది, ఏమంటావు" అని అడిగారు. ముప్ఫై ఏళ్ళలో ఆ ముక్కు ఒక్కసారి కూడా తప్పలేదని రాసిచ్చాను. నువ్వు చూశాక పెట్రోలు తోడేటప్పుడు డబ్బా అన్న పైపు కదిపి ఉండాలని కూడా రాశాను. అతన్ని పని నుంచి ఆపేశారట. బాధగానే ఉంది, కానీ ఇంకెలా జరుగుతుంది?

నీ పెద్దమ్మాయి


ఇరవై తొమ్మిదో తారీఖు

నాన్నా,

పదకొండు రోజులైంది, జవాబు లేదు. ఫోన్ చేస్తే స్నానానికి వెళ్ళావంటుంది అమ్మ. మూడు సార్లూ స్నానమేనా?

డబ్బా అన్న నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "నువ్వు బాగున్నావా తల్లీ" అని అడిగి పెట్టేశాడు. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. నాకేం తెలియదో అది చెప్పు నాన్నా.

పెద్దమ్మాయి


రెండో తారీఖు

చిట్టితల్లికి,

నీ రెండు ఉత్తరాలూ నా చొక్కా జేబులోనే ఉన్నాయి. తీయడం, చదవడం, మడిచి పెట్టుకోవడం. రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

నాకు వాసన తెలియదమ్మా. ఎనిమిది నెలల కిందట జ్వరం వచ్చింది చూడు, అప్పుడే పోయింది. తిరిగి పనిలోకి వెళ్ళిన రోజు కారు కింద వంగి పీల్చాను. మంచినీళ్ళ గ్లాసు వాసన చూసినట్టుంది. రేపటికి వస్తుందిలే అని సంతకం పెట్టాను. మర్నాడూ అంతే. మీ అమ్మకి తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "వస్తే రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. అందరూ నన్ను పిలిచేదే ముక్కు మేస్త్రి అని. ఆ ముక్కే లేదని చెప్పడానికి నోరు రాలేదు.

కాగితాలు పరిచింది అందుకే. ముందురోజే వచ్చిన కార్లకి అవి సరిపోయాయి. ఆ ఎర్ర కారు తలుపు మూసే వేళకి వచ్చింది. దాని కింద కాగితం పది నిమిషాలు కూడా ఉంచలేదు. డబ్బా అన్న పక్కనే ఉన్నాడు. "మేస్త్రీ, ఏదో వాసనొస్తోంది, మీకు రావట్లేదా" అన్నాడు.

"నీ చేతులకంటిన పెట్రోలే, పో" అన్నాను.

ఈ మాట అతను ఇక్కడ జరిగిన విచారణలో చెప్పాడు. నేను అవుననలేదు, కాదనలేదు. తల దించుకున్నాను. అతన్ని పంపేశారు.

ఇంతకంటే చెడ్డ మాట ఇంకొకటుంది. నువ్వు సోమవారం నుంచి ఎక్కుతావని రాశావు కదా. ఆదివారం ఆఫీసరు ఇంటికి వెళ్ళి అంతా చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. శనివారం వెళ్ళేది ఇంకెవరోలే అనుకున్నాను. అలా అనుకునే సంతకం పెట్టాను. ఎనిమిది నెలలుగా వెళ్ళినవాళ్ళంతా నాకు ఇంకెవరో. వాళ్ళకీ ఇళ్ళ దగ్గర అమ్మానాన్నలుంటారని ఒక్క రోజు కూడా తోచలేదు.

శనివారం అలా జరిగాక ఆదివారం భయపడి ఆగిపోయాను. నిన్న ఆఫీసరుకి అంతా చెప్పాను, రాసిచ్చాను. నా చెకింగ్ కార్డు తీసేసుకున్నారు, ఇక నా సంతకం చెల్లదు. మీటరు సంగతి కూడా రాస్తానంటే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. అయినా రాశాను. అక్కణ్ణుంచి డబ్బా అన్న ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"తప్పు మీదని నాకు మొదటి రోజే తెలుసు మేస్త్రీ. మీ అంతట మీరు చెబుతారని చూశాను. పదిహేను రోజులు చూశాను" అని తలుపు వేసుకున్నాడు.

అతన్ని పనిలోకి తీసుకోవాలంటే నువ్వు రాసిచ్చిన మాట అడ్డుగా ఉందట. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని ఈరోజే రాసి పంపు. నన్ను కాపాడే మాట ఒక్కటి కూడా పెట్టకు. అందులో "మా నాన్న" అని రాయకమ్మా. "చెకింగ్ మేస్త్రి" అని రాయి.

నాన్న