కంకణం విప్పేదాకా

ప్రశాంతి నాయనకు,

విడిదింటికి ఇడ్లీలు తీసుకుపోతాండా. బెంగళూరు వ్యాను ఎనిమిదికి వస్తుంది. పెళ్లికొచ్చిన మీ చుట్టాలకు లాల్‌బాగ్, విధానసౌధ మా తమ్ముడు ఎర్రన్న చూపిస్తాడు. నువ్వు వ్యాను ఎక్కొద్దు.

"బావా, నువ్వు రాకుంటే ఆడ తప్పిపోతాం" అని మీ అత్త కూతురు హేమావతి అనిందే చాలు, కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకున్నావు. నిన్న ప్రశాంతిని ధారపోసిన చేతిని ఒకసారి చూసుకో. కంకణం ఇంకా ఉండాది. అది విప్పేదాకా మనమిద్దరం పొలిమేర దాటకూడదు.

ఇరవై ఏండ్లుగా నేనడిగితే మాత్రం "బెంగళూరులో ఏముండాది చూసేకి?" అంటావు.

చొక్కా కోసం వెతకొద్దు, బీరువాలో పెట్టి తాళం వేసినా. రేపు కంకణాలు విప్పుతారు. ఎల్లుండి మనమిద్దరమే లాల్‌బాగ్ పోయేటప్పుడు తీసిస్తా.