మూడు రాళ్ళ గుర్తు

బావా,

ఈ ఉత్తరం కంచరగాడిదలు తోలే తాతకిచ్చి పంపుతున్నాను. మీ గుంపు రెండోరోజు మజిలీ దాటకముందే నీకు అందాలి.

ఇక్కడ అందరం క్షేమమే. కాలు బెణికి మంచంమీద ఉన్నానన్న మాటేగానీ, మనసు కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇందాక నీ చిన్నది ఎదురుగా కూర్చుని, "ఎడమ కాలే కదా మామయ్యా?" అంటూ నా కుడికాలికి కట్టు కట్టబోయింది. నవ్వబోయి ఆగిపోయాను.

మూడోరోజు నడకలో, పాడుబడ్డ కోటకి దారి చీలేచోట, వెళ్ళాల్సిన వైపు, అంటే పాత మెట్లున్న ఎడమవైపు, మూడు రాళ్ళు పేరుస్తాం కదా. పోయినసారి వానకి అవి చెదిరిపోతే, దిగి వస్తూ నేనే మళ్ళీ పేర్చాను. ఎడమవైపే పెట్టాను. కానీ అప్పుడు నా ముఖం కిందికి ఉంది బావా! ఎక్కేవాళ్ళకి అది కుడివైపు. అటు పాత మెట్లు లేవు, విరిగిపడ్డ కొండచరియ ఉంది. మంచులో ఆ అంచు కనపడదు.

అక్కకి చెప్పలేదు. కిటికీలోంచి కొండకేసి చూస్తూ కూర్చున్నాను.

"నేను పెట్టిన గుర్తులుంటే కళ్ళు మూసుకుని నడవొచ్చు" అని నీ దగ్గర ఎన్నిసార్లు కోతలు కోశానో. ఈ ఒక్కసారికి నన్ను నమ్మకు.

నీ బావమరిది