బంతి కదిలిందా?

జింజ్, బహ్రెయిన్
జనవరి 9, 2024

ప్రియమైన కనకవ్వకు,

నేను క్షేమం. నువ్వూ, నీ అంగన్‌వాడీ పిల్లలూ క్షేమమని తలుస్తాను. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ, ఆరుగురున్న గదిలో మనసు విప్పి ఏం చెప్పను? మా గదిలో ఉండే సోమరాజు సెలవు మీద మెట్‌పల్లి వస్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

కాలేజీలో గోల్ఫ్ నేర్పడం మొదలుపెట్టి ఈ నెలకు ఇరవై రెండేళ్ళు నిండాయి. అంతకుముందు నేను కూలీనే. ఎడారి మైదానంలో గడ్డి ఉండదు కదా, నూనె కలిపిన ఇసుకను చదును చేసి ఆడేవాళ్ళు. ఒక జట్టు ఆడి పోగానే వాళ్ళ అడుగులు చెరిపేయడం నా పని. చెరుపుతూ చెరుపుతూనే ఆట పట్టుకున్నాను. వీసా కార్డు మీద ఇప్పటికీ 'మాలి' అనే ఉంది, నవ్వుకో. కానీ కాలేజీలో "కోచ్ వచ్చారు" అంటే పిల్లలు లేచి నిలబడతారు.

ఈసారి జట్టులో మన తెలుగు పిల్ల ఉంది, సత్యదుర్గ. కాకినాడ వైపు వాళ్ళు. తండ్రి భీమరాజు జుఫైర్‌లో ఒక హోటల్లో వంటవాడు. బాగా ఆడుతుందనే ఆమెకు కాలేజీలో సీటిచ్చారు. ఆట పోతే సీటూ పోతుంది. మొదటిరోజు నేను తెలుగులో తిడితే బిత్తరపోయి, "మాస్టారూ, మీరు మనోళ్ళాండీ?" అంది. అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను: "ఈ ఆటల నీ పక్కన అంపైర్ నిలవడడు బిడ్డా. నీ తప్పు నువ్వే జూడాలె, నువ్వే చెప్పాలె."

ఫిబ్రవరిలో కాలేజీల పోటీ ఉంది. నేనిప్పుడు బంతిని చూడటం కూడా మానేశాను. దెబ్బ చప్పుడు వింటే చాలు, ఎటు పోయిందో చెప్పేస్తాను. పిల్లలకు అదో వింత.

నీ రాజనర్సు

మెట్‌పల్లి
జనవరి 27, 2024

ప్రియమైన బావకు,

ఖర్జూరాలు అందాయి. ఉత్తరం కూడా అందింది, కానీ అందులో ఉండాల్సిన మాట అందలేదు.

నీ రాత గీతలు దాటి పోతోంది. ఒక లైను మీద ఇంకో లైను ఎక్కింది. అక్షరాలు నా అంగన్‌వాడీ పిల్లలు పలక మీద రాసేంత పెద్దగా ఉన్నాయి. సోమరాజును వాకిట్లో నిలబెట్టి అడిగాను. "అక్కా, అన్న మెట్లు దిగుడంటే గోడ పట్టుకుంటున్నడు. ఇంక నన్నేం అడుగకు" అని ఛాయ్ కూడా తాగకుండా పారిపోయాడు.

పెళ్ళైన నాటి నుంచి చూస్తున్నాను. నీకు ఎక్కడైనా నొప్పి ఉంటే గొప్పలు చెబుతావు. ఈ ఉత్తరం నిండా గొప్పలే ఉన్నాయి. నీ కళ్ళకు ఏమైంది?

నిజం రాసేదాకా నీ మీద కోపంగానే ఉండే
కనకవ్వ

జింజ్
ఫిబ్రవరి 23, 2024

ప్రియమైన కనకా,

అవును, నాకు కనపడటం లేదు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంట్లో ఎప్పుడూ పొయ్యి ముందు కూర్చున్నట్టు పొగే. షుగర్ కంటి నరాలను తినేసిందని, ఆలస్యంగా వచ్చానని డాక్టర్ అన్నాడు. కాలేజీలో ఏటా కంటి పరీక్ష పెడతారు. గోడ మీది అక్షరాలు బట్టీ పట్టి రెండేళ్ళు నెట్టుకొచ్చాను. ఇదంతా లావు స్కెచ్ పెన్నుతో, అందాజుగా రాస్తున్నాను.

ఇంతకన్నా పాపిష్టి పని ఇంకోటి చేశాను.

పోయిన శనివారం పోటీ. సత్యదుర్గ వెంట నేనూ నడుస్తున్నాను. చివరి దశలో బంతి ఒక వాలు మీద ఆగింది. ఆ పిల్ల కర్రను బంతి వెనక ఆనించింది. చటుక్కున వెనక్కి జరిగి, "మాస్టారూ, బంతి కదిలిందా అండీ?" అనడిగింది. ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే గెలుపు. మన కర్ర వల్ల బంతి కదిలితే మన లెక్కలో మనమే ఒక దెబ్బ కలుపుకోవాలి. నేను మూడడుగుల దూరంలోనే ఉన్నాను. నాకు బంతే కనపడలేదు, కదలడం ఎక్కడ కనపడుతుంది? "లేదు, కొట్టు" అన్నాను. ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలిచాం.

మూడోనాడు ఎదుటి కాలేజీవాళ్ళు ఫోన్లో తీసిన వీడియో తెచ్చారు. బంతి అరచుట్టు దొర్లిందట. పోటీ నడిపే కమిటీ మా ఇద్దరినీ పిలిచింది. తెలియక జరిగితే ఒక దెబ్బ కలిపి వదిలేస్తారు. తెలిసి దాచితే పేరు కొట్టేసి ఏడాది ఆడనివ్వరు. ఆ పిల్ల, "కోచ్‌ను అడిగాను, కదల్లేదన్నారు" అని చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు. అవునంటే, అంత దగ్గరుండి నీకెందుకు కనపడలేదని అడుగుతారు.

కనకా, "నన్నేమీ అడగలేదు" అనే మాట నా నోట్లోంచే వచ్చింది. ఆ పిల్ల నా వైపు ఎట్లా చూసిందో కూడా నాకు తెలియదు.

వచ్చే నెల పదిన తుది నిర్ణయం. ఇప్పటికే అందరూ ఆమెను దొంగ అంటున్నారు. నిజం చెబితే మర్నాడే నా పని ఖలాస్. ఇక్కడ కోచ్‌ని, ఊళ్ళో నేనెవర్ని? ఎవరి చెయ్యి పట్టుకుని నడవాలి? అన్నం సహించడం లేదు. ఏ దారీ తోచడం లేదు.

నీ ముందు తలెత్తలేని
రాజనర్సు

మెట్‌పల్లి
మార్చి 2, 2024

బావా,

సెలవు మీద వచ్చిన ముత్యం నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. రేపే తిరిగి బహ్రెయిన్ వస్తున్నాడని ఇప్పుడే రాస్తున్నాను.

ముందు ఏడ్చాను. తరువాత నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కింటి నరసాయమ్మ భయపడి, "ఎవలతోని కొట్లాడుతున్నవే కనకవ్వా?" అని కేకేసింది.

కళ్ళు పోవడం నీ తప్పు కాదు. ఆ పిల్ల మాటను అబద్ధం చేయడం నీ తప్పు. నువ్వు బతకడం కోసం ఇంకొకరి బిడ్డను దొంగను చేస్తావా?

ఎవరి చెయ్యి పట్టుకుని నడవాలని అడిగావు. రెండేళ్ళకోసారి ఒక నెల తప్ప, ఇన్నేళ్ళూ నా చెయ్యి ఖాళీగానే ఉంది కదా. ఆ మాట రాయడానికి నీకు మనసెట్లా వచ్చింది?

పోయి చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

కనకవ్వ

జింజ్
మార్చి 16, 2024

ప్రియమైన కనకవ్వకు,

ఈ రాత నా గదిలో ఉండే పరశురాంది, మాట నాది. నీ ఉత్తరం కూడా అతనే చదివి వినిపించాడు. తిట్ల దగ్గర పాపం గొంతు తగ్గించాడు.

కమిటీ ముందుకు పోయి అంతా చెప్పాను. ఒకాయన నా మొహం ముందు వేళ్ళు చూపించి ఎన్నని అడిగాడు. నాకు అసలు చెయ్యే కనపడలేదని చెప్పాను. సత్యదుర్గకు క్షమాపణ చెప్పి, ఒక దెబ్బ కలిపి, ఆమె పేరు నిలబెట్టారు. కాలేజీవాళ్ళు నా వీసా రద్దు చేశారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం ఆ పిల్ల మా మెట్ల దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందేమో అనుకున్నాను. ఏడుస్తూ అంది: "మాస్టారూ, బంతి కదలడం నేను చూశానండి. మీకు కనపడదని మా అందరికీ ఎప్పట్నుంచో తెలుసండి. లేదంటారనే మిమ్మల్ని అడిగానండి."

ఇరవై రెండేళ్ళుగా నేను నేర్పిన చదువు అక్కడే కూలిపోయింది కనకా. కోపం వచ్చింది, వెంటనే సిగ్గేసింది. నేనూ అబద్ధం ఆడినవాణ్ణే కదా. "ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?" అనడిగింది. "నన్నడుగకు బిడ్డా. ఒకసారి అడిగితే ఏమైందో జూసినవ్ గదా" అన్నాను. వెళ్ళిపోయింది.

నిన్న తాళాలు అప్పజెప్పడానికి పరశురాంను తోడు తీసుకుని కాలేజీకి పోయాను. నోటీసు బోర్డు దగ్గర అతను ఆగిపోయాడు. జట్టులోంచి సత్యదుర్గను తీసేశారు. బంతి కదిలిందని తనకు తెలుసని ఆమే వచ్చి ఒప్పుకుందని రాసి ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. తనే పోయి చెప్పింది. నేను రెండోసారి చదివించుకుని విన్నాను. సీటు ఉంటుందో పోతుందో వచ్చే నెల తేలుతుంది. భీమరాజు నాతో మాట్లాడటం లేదు. ఒక్క పిల్లకైనా ఆట నేర్పానని సంతోషపడాలో, దానికి ఆ పిల్ల బతుకే ఫీజుగా కట్టించానని ఏడవాలో తెలియడం లేదు. రెండూ చేశాను.

ఇరవై రెండో తారీఖు పొద్దున హైదరాబాద్‌లో దిగుతాను. నువ్వే రా. దూరం నుంచి చెయ్యి ఊపకు, నాకు కనపడదు. 'బావా' అని పిలిస్తే అక్కడ సగం మంది తిరిగి చూస్తారు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం మన దగ్గర లేదని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి పిలువు, అందరూ వినేటట్టు గట్టిగా పిలువు.

నీ పిలుపు కోసం గేటు దగ్గర నిలబడి ఉండే
రాజనర్సు