బొట్టుబిళ్ల గుర్తు

ఆదివారం, రాత్రి

కారు ఇంజిన్‌లో పళ్లచక్రాలను కలిపి తిప్పే టైమింగ్ బెల్ట్ ఇంటి దగ్గరే మారుస్తానన్నాను, మార్చి తీరుతాను. పాతది విప్పే ముందు పళ్లచక్రాల మీద గుర్తుకు మోండా మార్కెట్‌లో కొన్న బొట్టుబిళ్లలు అంటించాను. కొత్తది ఎక్కించాక చూస్తే ఒకటి లేదు. నూనెకు ఊడి నా మోచేతికి అంటుకుని ఉంది. ఒక్క పన్ను తేడా వచ్చినా, స్టార్ట్ చేయగానే లోపలి వాల్వులు వంగి ఇంజినే పాడవుతుంది.

"ఏం కాదు, స్టార్ట్ చెయ్యి. పొద్దుగాల అమ్మను దవాఖానకు తీస్కపోవాలె," అన్నాడు మా ఆయన.

"ఆటోల పోదాం. వచ్చినంక మళ్ల విప్పుత," అన్నాను.

ఆటో కుదుపులకు అత్తమ్మ నడుము ఏమవుతుందో...

అయినా సరే. ఈసారి చక్రాల మీద కంపెనీవాళ్లు చెక్కిన గీతలే చూసి కలుపుతాను, నెయిల్‌పాలిష్‌తో గుర్తు పెడతాను. అందాకా కారు తాళంచెవి పోపుల డబ్బాలో ఉంటుంది. పెళ్లయిననాటి నుంచి ఆయన దాని మూత తీసింది లేదు.