గడ్డి కోతనాటి ఉప్పు మజ్జిగ

బంగారూ ఇర్మెలీ,

నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. నిన్న మన గడ్డి కోత అయింది. కిందటేడు ఇదే కోతనాడు మీ అన్న వెయ్యోకి నేను మజ్జిగ పట్టుకెళ్తే, "వద్దురా, దాహం దాచుకో, సౌనాలో ఆవిరిస్నానం చేశాక బీరు రుచి తెలుస్తుంది" అన్నాడు మీ నాన్న. పొద్దంతా ఎండలో చెమటోడ్చిన బిడ్డ ఆ వేడి గదిలోనే పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. నిన్న ఆయనే కూలీలకు ఉప్పు మజ్జిగ పోస్తూ, "తాగండర్రా, ఒంట్లో ఉప్పంతా చెమటలో పోతుంది" అంటున్నాడు. "ఈ మాట నా కొడుక్కి చెప్పలేకపోయావా?" అన్నాను. చెంబు దించి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ.

స్వీడన్‌లో ఆ రొట్టెల పొయ్యి ముందు పనిచేస్తూ నీళ్ళు తాగుతున్నావా? అడవి నీలిపళ్ళు ఎండబెట్టి పంపుతున్నాను, ఒంటికి మంచివని ఆసుపత్రి నర్సు చెప్పింది. నాకింక నువ్వొక్కదానివే. వేళకు కడుపు నిండా తిను తల్లీ.

అమ్మ