మగ్గం గుంతకు నిమ్మరసం

ఏప్రిల్ 11
ఆరో తరగతితో బడి మానేశాను. ఒత్తులు తప్పుతాయి, అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. ఈ నోట్‌బుక్ ఎవరికైనా దొరికితే ఏమీ అనుకోవద్దు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఈ రోజు ధర్మవరంలో మా ఆయనకు స్కానింగ్ తీశారు. కిడ్నీలో రాయి. రోజంతా నీళ్లు, నిమ్మరసం తాగుతూనే ఉండాలట. నెలకు మళ్లీ చూస్తారట. పెరిగితే ఆపరేషన్. ఆ తర్వాత మగ్గం గుంతలో కూర్చుని నేయొచ్చా అని అడగాలనుకున్నాను. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయాను.

ఏప్రిల్ 12
పొద్దున గుంతలోకి దిగితే అన్నానికే లేస్తాడు. పక్కన గ్లాసు పెట్టి వచ్చాను. సాయంత్రం అట్లాగే ఉంది, నిండా చీమలు. తీపి చేత్తో పట్టు ముట్టుకుంటే పోగు అంటుకుంటాది, చీర పోతాది అన్నాడు. నాకు దప్పిక లేదులే అని కూడా అన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

ఏప్రిల్ 15
ఉప్పు వేశాను. మొహం ముడిచాడు.

ఏప్రిల్ 16
బెల్లం, శొంఠి వేశాను. అన్నం తిన్నాక మొత్తం తాగి బాగుండాది అన్నాడు. గిన్నె అడుగున మిగిలింది నేను నోట్లో పోసుకుని ఉమ్మేశాను. గింజలు నలిగి ఒకటే చేదు.

ఏప్రిల్ 19
కాయను అరచేతి కింద దొర్లించి, మెల్లగా పిండాలి. కుండనీళ్లు, కొంచెం చక్కెర, నాలుగు పుదీనా ఆకులు, నానిన సబ్జా. కుదిరింది. ఎవరూ నేర్పలేదు.

ఏప్రిల్ 22
మధ్యాహ్నం అత్త నిద్రపోయింది. గుంత పక్కన కూర్చుని గ్లాసు నేనే ఆయన నోటికి పెట్టాను. గడ్డం కింద నా కొంగు పట్టాను. చెయ్యి వణికిందంటే ఎవరో పెండ్లికూతురు చీర తడుస్తాది అన్నాడు. గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన నన్నే చూస్తూ తాగాడు.

అత్త లేచి ఉంటే నా వల్ల కాదు. కానీ ఒక్క గ్లాసు ఏం సరిపోతుంది?

ఏప్రిల్ 29
నొప్పి వచ్చి మగ్గం మీదే వంగిపోయాడు. సూది వేయించుకుని వచ్చి మళ్లీ గుంతలోకి దిగాడు.

గ్లాసు నింపుకుని వెళ్లాను. అత్త పట్టు దారం కండెలకు చుడుతోంది. ఎదురింటి మారక్క కూడా ఉంది. నా చెవులు మండిపోయాయి. అయినా కూర్చుని తాగించాను. ఏమే పాపా, నీ మొగునికి చేతుల్లేవా అంది మారక్క. చేతులు మగ్గం మింద ఉండాయి, నోరే ఖాళీగా ఉండాది నీ మాదిరి అంది అత్త. తలెత్తకుండానే నాతో, ఇంకొంచెం వంచు, సబ్జా అడుగున నిలిచిపోయింది అంది.

మే 5
రోజుకు ఏడు గ్లాసులు.

మే 8, అమావాస్య
మగ్గానికి సెలవు. గ్లాసు చేతికిచ్చాను. ఈ పొద్దు తాపవా అన్నాడు. వంటింట్లోకి పారిపోయాను.

మే 11
రాయి పోయింది. ఆపరేషన్ లేదు. నిమ్మరసం మాత్రం మానొద్దన్నారు. ఎవరు చేసిస్తారని డాక్టర్ అడిగితే ఆయన నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

మే 12
ఏప్రిల్ 22 పేజీ మూలన బంకగా ఒక బొటనవేలి ముద్ర. దానికి ఒక సబ్జా గింజ. అది గ్లాసు నీ చేతికిచ్చిన అమావాస్య నాటిదే, మిగతా రోజుల్లో నేనే తాగిస్తాను, నీ చేతికి తీపి అంటదు.

చదివావు కదా. ఇంక ఈ నోట్‌బుక్ పొయ్యిలో వేసెయ్. ముందు చెయ్యి కడుక్కో.